రెండు మోకాళ్ల సాక్ష్యం

నంద్యాల వైపు రైలెక్కేవారు సాధారణంగా మహానందీశ్వరుని దర్శనానికో, అహోబిల యాత్రకో బయలుదేరుతారు. నేను ఒక మోకాలిని చూడటానికి బయలుదేరి, రెండు మోకాళ్లను చూసి తిరిగి వచ్చాను. రెండు పుణ్యక్షేత్రాలకు అంత సమీపంగా వెళ్లి ఒక్క కొబ్బరికాయైనా కొట్టకుండా వచ్చినందుకు నరసరావుపేటలో మా వీధి పెద్దలు నన్ను మందలించారు. వారికి నోటితో చెప్పలేకపోయిన సమాధానాన్ని ఇక్కడ క్రమంగా రాస్తున్నాను. ఆ మోకాళ్లు గల ఇద్దరి పేర్లూ మార్చాను. తక్కినదంతా నేను చూసినదే.

ఎనభయ్యవ దశకం చివరి మాట. నా భార్య సుభద్ర కుడి మోకాలు అప్పటికి నాలుగేళ్లుగా అరిగిపోయి, పెరటిలోని తులసికోట వరకు నడవటం కూడా ఆమెకు ప్రయాసగా ఉండేది. మద్రాసులో ఒక శస్త్రవైద్యునికి చూపించాను. మోకాలు ముందు భాగాన నిలువుగా జానెడు కోత పెట్టి, చిప్పను పక్కకు మళ్లించి, తొడ ఎముక చివరను, కాలి ఎముక చివరను రంపంతో సాపుచేసి, పైన లోహపు తొడుగు, కింద గట్టి ప్లాస్టిక్ పలక అమర్చి, సిమెంటు వంటి పదార్థంతో అతికిస్తామని ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు.

"నొప్పి?" అని అడిగాను.

"ఉంటుంది. అయినా రోజూ వంచాలి. నా కోత గంటన్నర పని. ఆ తరువాతి నెలన్నరే అసలు పని" అన్నాడు. పిదప సుభద్ర మోకాలికి చుట్టి ఉన్న పట్టీని విప్పి, ఎండిపోయిన తొడ కండను నొక్కి చూసి, "ఈ పట్టీ ఎవరు కట్టమన్నారు?" అన్నాడు.

ఎవరూ కట్టమనలేదు. ఉదయం ఆరు గంటలకు కట్టడం, రాత్రి తొమ్మిదికి విప్పడం రెండేళ్లుగా నేను ఏర్పరచిన నియమం. ఆ ప్రశ్న నాకు నచ్చలేదు, ఆ వైద్యుడూ నచ్చలేదు. అంతకుముందు ఇదే ఆపరేషన్ చేయించుకున్నవారెవరైనా ఉన్నారా అని అడిగితే, నంద్యాలలోని ఒక ఉపాధ్యాయురాలి చిరునామా రాసి ఇచ్చి, ఉత్తరం రాసి తెలుసుకోమన్నాడు. ముప్పై ఒక్క సంవత్సరాలు రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసినవాణ్ణి. అమ్మేవాడు తానే తెచ్చిన సాక్షిని ఒక్క ప్రశ్నతో వదిలిన అలవాటు నాకు లేదు. ఉత్తరం రాస్తే సాక్షి సిద్ధమై కూర్చుంటుంది. అందుచేత చెప్పకుండా బయలుదేరాను.

నల్లమల దాటిన రైలు

మీటరు గేజి రైలు గిద్దలూరు దాటి అడవిలో ప్రవేశించిన తరువాత ఎదురు బల్ల మీది రైతు నన్ను పరిశీలించసాగాడు. మా వైపు అపరిచితుణ్ణి ముందుగా వాతావరణం గురించి పలకరిస్తారు. ఇక్కడ నేరుగా అడుగుతారు.

"యాడికి పోతాండారు సార్?"

అపరిచితునికి నా పని చెప్పటం ఇష్టంలేక, "మహానందికి" అన్నాను.

"ఒక్కరేనా? ఇంటామె రాలేదా?"

"రాలేదు."

"బాగలేదా ఏందీ?"

ఈ మనిషికి ఇంత ఆరా దేనికని నేను కిటికీ వైపు తిరిగాను. నంద్యాల స్టేషన్లో దిగుతుండగా అతడు నా చేతిలోని సంచీని లాక్కున్నంత పనిచేసి, "బరువుంది, నేను తెస్తా రాండి" అంటూ గుంపులో ముందుకు సాగిపోయాడు. సంచీ పోయిందని నిశ్చయించుకున్నాను. కేక వేయటానికి నోరు తెరిచేసరికి అతడు బయట ఒక బస్సు కిటికీలోంచి తన తువ్వాలును సీటు మీదికి విసిరి, నా కోసం చెయ్యి ఊపుతున్నాడు.

"ఈడ కూకోండి సార్. గుడి కాడనే దింపుతాడు. స్వామికి నా పేరు కూడా చెప్పండి."

అది మహానంది బస్సు. నేను కూర్చున్నాను. అతడు కనుమరుగయ్యేదాకా కూర్చుని, ఆ తరువాత దిగాను. కండక్టరు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఏం సార్, స్వామి వద్దన్యాడా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ రైతు పేరు నేను అడగనే లేదు. స్వామికి చెప్పటానికి నా దగ్గర పేరే లేదు.

ఉగ్గాని

బసకు దగ్గరలోని హోటలులో ఉదయం ఉగ్గాని పెట్టారు. మనం మరమరాలనే వాటిని వారు బొరుగులంటారు. వాటిని నీటిలో ముంచి, నీరు పిండివేసి, ఉల్లిపాయతో తాలింపు పెట్టి, పైన పుట్నాలపొడి చల్లుతారు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. మొత్తం రూపాయిన్నర. మెత్తగా ఉండటం చూసి, "ఇవి నిన్నటివి కావు గదా?" అని అడిగాను.

"నిన్నటివి ఈ పొద్దుకు మిగిలితే నేను అంగడి మూసుకోవాల్సిందే సార్. ఎనకల ఎంతమంది నిలబడుకోనుండారో సూడండి" అన్నాడు యజమాని, అట్లకాడ ఆపకుండా.

వెనక్కు తిరిగి చూశాను. పదకొండుమంది ఉన్నారు. తిన్నాను. రుచికరమైన పదార్థమేనని ఒప్పుకోవాలి.

టీచరమ్మ ఇల్లు

వైద్యుడు చిరునామా ఇచ్చిన ఎస్తేరమ్మగారు గోస్పాడు బడిలో చాలాకాలం పనిచేసి విరమించారు. ఆమె భర్త సామేలుగారు రైల్వేలో పట్టాలు సరిచూసే ముఠాకు మేస్త్రీగా ఉండి విరమించారు. చర్చి వెనుక వీధిలో వారి ఇల్లు. గదిలో నల్లని నాపరాళ్లు పరిచి అద్దంలా నునుపు చేశారు. అంత శుభ్రమైన నేల మధ్య ఒక కొయ్యకుర్చీ, దాని ముందూ కిందా తెల్లరంగుతో గీసిన సన్నని అడ్డగీతలు చాలా ఉన్నాయి. చదువు చెప్పిన మనిషి ఇంట్లో నేలను అట్లా పాడుచేసుకోవటం నాకు విచిత్రంగా తోచింది గాని, నేను వచ్చిన పని అది కాదు.

విషయం చెప్పాను. ఆమె ముఖం మీద నవ్వు వచ్చింది.

"డాక్టరు పంపించినాడా? అయితే నేను మంచి మాటలు చెప్పాల్నేమో."

"నిజం చెబితే చాలునమ్మా."

"నిజమైతే ఇనండి సార్. చచ్చి బతికినా. మోకాలు ఒక నొప్పి అయితే తొడ ఇంకో నొప్పి. కోసేటప్పుడు నెత్తురు కారకుండా తొడకు రబ్బరు పట్టీ బిగిస్తారంట. అది పీకినాక కూడా వారం దినాలు తొడ మంట. నెలన్నర దాకా కంటికి కునుకు లేదు."

"ఆమెకు లేదు, నాకూ లేదు, మా పేటకూ లేదు" అన్నారు సామేలుగారు గడప మీది నుంచి. "పాస్టరు వచ్చి ప్రార్థన చేస్తాంటే ఆయన్ని కూడా తిట్టింది."

"తిట్టలే. బేగా ముగించమన్యా అంతే."

ఇప్పుడెట్లా ఉందని అడిగాను. మబ్బు పడితే సలుపుతుందన్నారు. ఆపరేషనై తొమ్మిది నెలలైందట. మోకరించి ప్రార్థన చేయటం మాత్రం ఇక వీలుకాదని, డాక్టరు వద్దన్నాడని, చర్చిలో అందరూ మోకరిస్తే తాను ఒక్కతే బల్ల మీద కూర్చుంటున్నానని చెప్పారు. పిదప టీ తేవటానికి లేచారు. కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచారు. వంటగదికి వెళ్లి రావటం, గడప దాటటం నేను గమనించాను. చిన్న కుంటు ఉంది. సుభద్ర నడకతో పోల్చదగినది కాదు.

అయినా నా అనుమానం పెరిగిందే గాని తగ్గలేదు. తన పనిని మెచ్చుకోని సాక్షి వద్దకు ఏ వైద్యుడు పంపుతాడు? అంతలో ఆమె ఇంకొక మాట అన్నారు.

"అదే వారం మొగోళ్ల వార్డులో ఆళ్లగడ్డ రెడ్డి ఒగాయన చేయించుకున్యాడు సార్. అదే డాక్టరు, అదే కోత. ఆయనకు నొప్పే లేదంట. కార్డు రాసినాడు."

కార్డు తెప్పించి చూశాను. దేవుని దయవల్ల నొప్పి ఏమాత్రం లేదని, తమకూ తగ్గిందని తలుస్తానని, రెండు వరుసలు. నొప్పి పడిన మనిషిని చూపించి, పడని మనిషిని ఆ వైద్యుడు నా దగ్గర ఎందుకు దాచినట్లు? చిరునామా రాసుకున్నాను.

ఆళ్లగడ్డ బస్సు

శిరివెళ్ల మీదుగా బస్సు పోతుంది. రెండువైపులా నల్లరేగడి, పత్తి, జొన్న. మా సాగర్ కాలువల కింద ఒక పంట కోస్తుండగానే ఇంకొకదాని మాట మొదలవుతుంది. ఇక్కడి రైతు ఆకాశంతో ఒప్పందం లేకుండానే విత్తనం వేస్తాడు. నా పక్కన కూర్చున్న పెద్దామె ఒడిలోని బుడ్డలు, అంటే మన వేరుశనగకాయలు, నాకు దోసెడు పోసి, వద్దంటే వినలేదు. రైలు అనుభవం గుర్తుండటం చేత ఈసారి ఎక్కడికి పోతున్నావని అడిగినప్పుడు నిజమే చెప్పాను.

"ఓబుళరెడ్డి ఇంటికా? పాపం, మంచోడు" అన్నది. పాపమెందుకని అడిగేలోగా ఆమె ఊరు వచ్చింది.

నొప్పి లేని మనిషి

ఓబుళరెడ్డిగారు పాతకాలపు పెద్ద రైతు. ఆరడుగుల మనిషి. వసారాలో నవారు మంచం మీద కూర్చుని, కుడికాలు ముందున్న ముక్కాలిపీట మీద చాపి ఉంచారు. నేను వచ్చిన కారణం చెప్పగానే ఆయన కళ్లు మెరిశాయి.

"నొప్పా? లేదు సార్. ఒట్టు. చీమ కుట్టినంత కూడా లేదు."

"మొదటి నెలలో?"

"మొదట్లో కొన్ని దినాలు ఉండె. ఆ తర్వాత ఏమీ లేదు. మీ ఇంటామెకు ధైర్యం చెప్పండి."

మధ్యాహ్నం భోజనానికి నిలిపారు. ఆ ఇంట అతిథితో పాటు యజమాని నేల మీద చాప వేసుకుని తినటం ఆనవాయితీ అని ఆయన భార్యే చెప్పింది. నాకు చాప వేశారు. రాగిసంగటి, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి, గోంగూర, చివర గడ్డపెరుగు. మా వైపు అన్నాన్ని కలుపుకుంటాం. వారు సంగటి ముద్దను చిన్నగా తుంచి, ఊరిబిండి అద్దుకుని నమలకుండా మింగుతారు. నేను నమిలాను. అందుకు ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రెడ్డిగారి పళ్లెం మాత్రం మంచం మీదికే వెళ్లింది.

భోజనమయ్యాక, చేను చూపించమని అడిగాను. ఎండ అన్నారు. ఎండ తగ్గాక అడిగాను. దారి బాగలేదన్నారు. మచ్చ చూపించమన్నాను. వెంటనే పంచె ఎత్తారు. నిలువుగా, తిన్నగా, కుట్లు సమానంగా పడిన చక్కని మచ్చ. ఆ వైద్యుని చేతిలో దోషమేమీ కనిపించలేదు. నేను కాలి పీట వైపు చూసి అన్నాను:

"ఒకసారి వంచండి."

ఆయన పంచెను తిరిగి కిందికి జార్చుకున్నారు.

"నొప్పి ఉందా అని అడిగినారు, లేదని చెప్పినా. వంగుతాదా అని మీరు అడగలేదు గదా సార్."

ఆయన భార్య లోపలినుంచి వచ్చి స్తంభం పక్కన నిలబడింది. అప్పుడు సంగతి బయటపడింది. మద్రాసు నుంచి జీపులో ఇంటికి వచ్చాక, రోజుకు నాలుగుసార్లు వంచమన్న డాక్టరు మాటను రెండు రోజులు పాటించారట. ఆయన అరుపు విని ఇరుగుపొరుగు చేరారు. ఎముకను రంపంతో కోశారని విన్నవారందరికీ ఒకటే తోచింది.

"ఇరిగిన ఎముకకు మా కాడ కట్టు కడతారు సార్. కోసినా ఇరిగినట్లే గదా అనుకున్యాం. కదిలిస్తే యాడ అతుక్కుంటాది? కుట్లు ఇప్పినాక మా కట్టు కట్టే నరసన్నను పిలిపిస్తిమి. గుడ్డుసొన, మినప్పిండి పట్టు ఏసి, వెదురుదబ్బలు పెట్టి, మండలం దినాలు కట్టినాడు. హాయిగా ఉండె. కట్టినప్పటి నుంచి నొప్పి అనేదే లేదు. ఇప్పి సూస్తే కాలు కట్టె మాదిరి అయిపాయ."

"మేం కావాలని చేసినామా?" అన్నది ఆమె. "అంత మనిషి అరుస్తాంటే సూడలేకపోతిమి."

"నిన్నెవురన్యారే ఇప్పుడు? నరసన్నను కూడా అనను. దుడ్లు తీసుకోకుండా కట్టినాడు." ఆయన నా వైపు తిరిగారు. "బస్సెక్కితే కాలు మడవలేక దావకు అడ్డం పెట్టాల. జనం దాటుకోని పోతాంటే తల ఎత్తలేను. డాక్టరుకు నొప్పి లేదని రాసినా. అబద్ధం కాదు గదా?"

కాదు. నా ఉద్యోగంలో ఇటువంటి సాక్ష్యాలు నేను అనేకం చూశాను. ప్రతి అక్షరమూ నిజం, మొత్తం మాత్రం నిజం కాదు. అయితే ఎదుట ఉన్నవాణ్ణి గద్దించటానికి ఆనాడు నాకు నోరు రాలేదు. నొప్పిని చూడలేక కట్టినవారిలో నేనూ ఒకణ్ణి. వారు నలభై రోజులు కట్టారు, నేను రెండేళ్లు కట్టాను.

మళ్లీ మద్రాసు వెళితే దారి చూపవచ్చునని చెప్పాను. ముఖం చూపించలేనన్నారు. నా సంచీలోని ఇన్లాండు కవరు తీసి, వైద్యుని చిరునామా స్వయంగా రాసి, మంచం మీద ఉంచాను. ఆయన దాన్ని తీసుకోలేదు, తిరిగి ఇవ్వనూ లేదు. నేను మెట్లు దిగుతుండగా వెనుకనుంచి పిలిచారు.

"సార్! మీ ఇంటామెకు కట్టొద్దప్పా. ఎంత అరిచినా కట్టొద్దు."

మళ్లీ నంద్యాల

మరునాడు రైలుకు వ్యవధి ఉండటంతో తిరిగి ఎస్తేరమ్మగారి ఇంటికి వెళ్లాను. ఆళ్లగడ్డ సంగతి వారికి చెప్పలేదు. ఒకే చేతి కోతకు రెండు ఫలితాలు ఎందుకు వచ్చాయో నాకు అప్పటికి తెలిసింది గాని, మాటగా తెలియటం వేరు, ఋజువు చూడటం వేరు. నేల మీది గీతలేమిటని అడిగాను.

సామేలుగారు ఉత్సాహంగా లేచి కుర్చీని జరిపారు. దాని నాలుగు కాళ్ల కిందా నాలుగు తెల్లచుక్కలు ఉన్నాయి. కుర్చీ ప్రతిదినమూ అదే చోట ఉండాలి గదా! ఎస్తేరమ్మగారు కూర్చుని, మడమను నేలకు ఆనించి, కాలిని వెనక్కు, కుర్చీ కిందికి లాగేవారట. చివరి కొంత దూరం ఆయన రెండు చేతులతో కాలిని నెట్టేవారు. మడమ ఆగిన చోట గీత. రోజుకొక గీత.

"పట్టాల కాడ మనిషి మాట నమ్మం సార్. గేజీ పెట్టి సూస్తాం" అన్నారాయన. "సరిగ్గా ఉందిలే అన్నోడు రైలును పడేస్తాడు."

నేను కష్టం మీద ముందుకు వంగి, కళ్లద్దాలు సవరించుకుని ఒక్కొక్క గీతా లెక్కపెట్టాను. నలభై మూడు. గడప వైపు మొదలై కుర్చీ వెనుక కాళ్ల సమీపం దాకా సాగాయి. అయితే అన్నీ వరుసగా ముందుకు పోలేదు. మూడు గీతలు మళ్లీ గడప వైపుకు, వెనక్కు వచ్చాయి. కల్పించినవాడు గీస్తే ఒక్కటీ వెనక్కు రాదు. ఈ ప్రయాణంలో నా అనుమానం వదిలింది సరిగ్గా అక్కడ.

"ఇది వెనక్కు వచ్చిందేమి?"

"ఆ పొద్దు జరం."

"ఇది?"

"ఆదివారం. నేను మొండికేసినా" అన్నారు ఎస్తేరమ్మగారు.

"మరి ఇది?"

సామేలుగారు కుర్చీని చుక్కల మీదికి సర్దసాగారు. పిదప ఆమే చెప్పారు.

"ఆ దినం ఆయనకు చేతులు రాలేదు సార్. నేను అరుస్తాంటే మొగం ఆ పక్కకు తిప్పుకోని వంచేటోడు. ఆ దినం మొగం తిప్పుకున్యా కూడా వంచలేకపాయ. పోయి పెరట్లో కూకున్యాడు."

"ఉల్లిగడ్డలు తరిగితి" అన్నారు సామేలుగారు.

"ఆ, మనింట్లో వంట నువ్వే చేస్తాంటివి గదా!" అని ఆమె నవ్వారు. "ఈ గీతలు చెరిపెయ్యమంటే చెరపడు సార్. వచ్చినోళ్లంతా ముగ్గు అనుకుంటాండారు."

ఇల్లు

తిరుగు రైలులో నేను ఒక పొరపాటు చేశాను. భార్యకు ఏది చెప్పాలో, ఏది విడిచిపెట్టాలో కాగితం మీద రెండు వరుసలుగా రాసుకున్నాను. తొడ మంట, నిద్రలేమి, పాస్టరును తిట్టటం విడిచిపెట్టవలసిన వరుసలో చేరాయి. వినుకొండ దాటాక ఆ కాగితాన్ని మళ్లీ చదివాను. అది అచ్చంగా ఓబుళరెడ్డిగారి కార్డులా ఉంది. చించివేశాను.

సుభద్రకు మొత్తం చెప్పాను. మహానంది బస్సుతో సహా. ఆమె మధ్యలో ఒక్కమాటైనా అడగకుండా విని, చివర ఒకే ప్రశ్న వేసింది.

"ఆయన వంచాడన్నారు గదండీ. మీరు వంచగలరా?"

నలభై ఏళ్ల సంసారంలో మా ఇంట ఎవరూ గొంతు పెంచి ఎరగరు. అది నేను ఏర్పరచిన క్రమమే. లేచి వెళ్లి కొయ్యకుర్చీని వరండాలోని ఎర్రసిమెంటు నేల మీద వేసి, దాని కాళ్ల చుట్టూ సుద్దతో గుర్తులు పెట్టాను. వైద్యునికి రాసే ఉత్తరంలో మోకాలు ఈనాడు ఎంత వంగుతున్నదో తెలపటం ఉచితమని ఆమెతో అన్నాను. ఆమెను కూర్చోబెట్టి, మోకాలి పట్టీ విప్పి, మడమ వెనుక చేతులు ఉంచి కాలిని నెమ్మదిగా వెనక్కు నెట్టాను.

ఆమె "అమ్మా!" అని కేకవేసింది. పక్కింటివారి కిటికీ తెరుచుకుంది. నేను చేతులు తీసివేశాను.

సుభద్ర ఊపిరి పీల్చుకుని, కళ్లు తుడుచుకుని, నన్ను పరీక్షగా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నా బల్ల ముందు నిలిచిన సాక్షులను ముప్పై ఒక్క ఏళ్లు నేను అట్లాగే చూశాను.

"గీత గీయలేదేం?" అన్నది.

మడమ ఆగిన చోట సుద్దతో గీశాను. మొదటి గీత వంకరగా వచ్చింది. దాన్ని చెరిపి తిన్నగా గీయబోతే ఆమె వద్దన్నది. మళ్లీ మడమ వెనుక చేతులు పెట్టాను.